నులిపురుగును ముందు లెక్కపెట్టండి, ప్యాకెట్ సంగతి తర్వాత

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన వారం మీ సేద్యం పేజీలో టమోటా వేర్లకు పట్టే నులిపురుగుల మీద వేసిన వ్యాసం చదివాను. ఫొటో బాగుంది, వేరు మీద బుడిపెలు స్పష్టంగా కనిపించాయి. కింద రాసిన మాటే నాకు మింగుడు పడలేదు. మేలు చేసే శిలీంధ్రం ప్యాకెట్ ఒకటి తెచ్చి ఎకరాకు చల్లుకుంటే పీడ వదులుతుందని ఒక్క వాక్యంలో తేల్చేశారు. ఆ ఒక్క వాక్యం దగ్గర నాకు మూడేళ్ళు పట్టింది, రెండు పంటలు పోయాయి, కొంత అప్పు కూడా మిగిలింది. అందుకే ఈ ఉత్తరం. పొడుగైపోయిందనిపిస్తే కత్తిరించుకోండి, ప్యాకెట్ గురించి రాసిన భాగం మాత్రం ఉంచండి.

మాది మదనపల్లె దగ్గర పల్లె. మూడెకరాలు సొంతం, రెండెకరాలు కౌలు. మా వైపు టమోటా అంటే పంట కాదు, జూదం. 2023 జూలైలో ఇక్కడి మార్కెట్లో కిలో 200 రూపాయల దాకా పోయింది, అదే టమోటాను రోడ్డు పక్కన పారబోసి పోయిన ఏళ్ళూ చూశాం. ఆ ఆశతోనే ఒక కాపు తీసేసి మూడు వారాలు తిరక్కుండానే అదే కయ్యలో మళ్ళీ టమోటా నాటేస్తాం. మధ్యలో మార్చామంటే వంకాయో బీరో కీరానో పెడతాం, అవన్నీ ఈ పురుగుకు విందు భోజనమే. ఇంటికొచ్చిన చుట్టానికి ఒక పూట టమోటా పప్పు, ఒక పూట వంకాయ కూర పెట్టి, "కూర మార్చాం కదా, ఇంకా పోలేదేంది" అని అడిగినట్టుంది మా పంట మార్పిడి.

నాకు తెలిసొచ్చింది ఒక ఎండాకాలం పంటలో. నాటి 40 రోజులు. పొద్దున పోతే చెట్లు పచ్చగా నిలబడి ఉంటాయి, పన్నెండు దాటేసరికి కయ్యలో అక్కడొక గుంపు ఇక్కడొక గుంపు తలలు వాల్చేస్తాయి, పొద్దుగూకేసరికి మళ్ళీ లేస్తాయి. నీళ్ళు చాలడం లేదనుకుని డ్రిప్ ఇంకో గంట వదిలాను. తగ్గలేదు. మందుల అంగడికి పోయి చెబితే ఎండు తెగులన్నారు, దానికొక మందు. ఆకు పసుపెక్కుతోందంటే ఇంకో సీసా, సూక్ష్మపోషకాలు. ఆఖరికి పక్క కయ్య మామ వచ్చి, ఏమీ మాట్లాడకుండా ఒక చెట్టును వేర్లతో సహా పెరికి నా ముందర పడేసి, "ఆకును చూసి మందు కొడతా ఉండావే, వేరును ఎప్పుడన్నా చూసినావా?" అన్నాడు. వేరంతా అల్లం కొమ్ము మాదిరి ఉబ్బి ఉంది.

మాది వేరుశెనగ దేశం కూడా కాబట్టి వేరు మీద గుండ్లు కనిపిస్తే చాలామంది మంచిదేలే అనుకుంటారు, నత్రజని పట్టే బుడిపెలని. తేడా చాలా సులభం. వేరుశెనగ బుడిపె వేరుకు పక్కన అతుక్కుని ఉంటుంది, గోటితో గీకితే రాలిపోతుంది. నులిపురుగు బుడిపె రాలదు, ఎందుకంటే అక్కడ వేరే ఉబ్బి ఉంటుంది. ఆ బుడిపెను బ్లేడుతో కోసి చూస్తే ఆవగింజ కంటే చిన్నగా, తెల్లగా ముత్యపు పూసలాంటివి కనిపిస్తాయి. అవి ఆడ పురుగులు.

ఇంట్లో మా అమ్మకు నులిపురుగు అని చెబితే, "స్కూల్లో పిల్లోళ్ళకు మాత్ర ఇస్తారే, అదా?" అంది. నవ్వాను గానీ ఆమె అన్నదాంట్లో తప్పేమీ లేదు, అవీ ఇవీ ఒకే వర్గం జీవులే. కాకపోతే మనకొక మాత్ర ఉంది, మట్టికి లేదు. ఇంకో సంగతి, మట్టిలో ఉండే నులిపురుగులన్నీ శత్రువులు కావు. బ్యాక్టీరియాను తిని బతికేవి ఉన్నాయి, వేరుపురుగుల్లోకి దూరి వాటిని చంపి మనకు మేలు చేసేవి కూడా ఉన్నాయి. మన పంటల గొంతు కోసేది ముఖ్యంగా మెలాయిడోగైన్ అనే జాతి. ఇదేదో నిన్నమొన్న వచ్చిన తెగులు కాదు, 1901లోనే బార్బర్ అనే ఆయన నీలగిరుల వైపు దేవాల తేయాకు తోటలో దీన్ని గుర్తించి రాశాడు. అంటే మన దక్షిణాదిలో దీనికి నూటపాతికేళ్ళ రికార్డు ఉంది, మా ఊరికి మాత్రం ఆ సంగతి ఇంకా చేరలేదు.

ఇది పెరిగే తీరు చూడండి. గుడ్డులోంచి బయటపడే పిల్ల అర మిల్లీమీటరు కూడా ఉండదు, కంటికి ఆనదు. లేత వేరు కొనలోంచి దూరి లోపల ఒక చోట కూర్చుంటుంది, ఇక కదలదు. చుట్టూ ఉన్న వేరు కణాలను తన కోసం ఉబ్బేలా చేసుకుని, చెట్టు వండుకున్న అన్నం అక్కడే కూర్చుని తింటుంది. ఒక్కో ఆడది జిగురు సంచిలో 200 నుంచి 500 దాకా గుడ్లు పెడుతుంది, మన కయ్యల్లో ఎక్కువగా ఉండే రకానికి మగది అవసరం కూడా లేదు. మన వేడికి నెల తిరక్కుండా ఒక తరం పూర్తి. సరే, 300 గుడ్లలో నూటికి 5 మాత్రమే బతికాయనుకుందాం, ఒకటి 15 అవుతుంది. టమోటా కయ్యలో ఉండే నాలుగైదు నెలల్లో నాలుగు తరాలు తిరిగితే ఆ ఒక్కటీ 50 వేలు దాటిపోతుంది. నిజానికి వేర్లలో అంత చోటు ఉండదు కాబట్టి ఎక్కడో ఒకచోట ఆగుతుందనుకోండి, అయినా లెక్క అర్థమైంది కదా. అది తినేది చాలదన్నట్టు వేరు మీద అది చేసిన గాయాల్లోంచి ఎండు తెగులు శిలీంధ్రమూ వాడు తెగులు బ్యాక్టీరియా దూరతాయి. అంగడాయన ఎండు తెగులన్నది పూర్తిగా అబద్ధం కాదు, దొంగకు తలుపు తీసింది ఎవరో ఆయన చూడలేదంతే.

మా నాయన కాలంలో దీనికి ఒకటే జవాబు, మట్టిలో చల్లే విషపు మందు గుళికలు. ముక్కుకు గుడ్డ కూడా లేకుండా చేత్తో చల్లేవాళ్ళు, ఆ కంపు రెండు రోజులు చేతిని వదిలేది కాదు. ఫోరేట్ గుళికలను కేంద్రం 2018లో ఇచ్చిన ఉత్తర్వుతో 2020 ఆఖరు నుంచి పూర్తిగా ఆపేశారు. కార్బోఫ్యూరాన్ అనే ఇంకో మందులో 3 శాతం గుళికలు తప్ప మిగతావన్నీ 2023లో పక్కన పెట్టారు. అమెరికాలో ఇంతకన్నా పెద్ద కథే జరిగింది. నులిపురుగుల కోసం డీబీసీపీ అనే మందు తయారుచేసే కాలిఫోర్నియా ఫ్యాక్టరీలో పనివాళ్ళకు పిల్లలు పుట్టడం లేదని 1977లో బయటపడింది, రెండేళ్ళలో దాదాపు అన్ని వాడకాలూ నిలిపేశారు. విషం సంగతి అలా ఉంచినా, గుళికలు మా కయ్యలో అసలు గెలిచిందెప్పుడు? మట్టిలో తిరిగే పిల్లలు కొన్ని చస్తాయి, జిగురు సంచిలో గుడ్లు భద్రంగానే ఉంటాయి. మందు బలం తగ్గగానే అవి పొదిగి, కాపు ఆఖరుకొచ్చేసరికి పురుగుల సంఖ్య మళ్ళీ మొదటికొస్తుంది. ఇప్పుడు కొత్త రకం మందులు వచ్చాయి, పనిచేస్తాయంటున్నారు, వాటి ధర చెబితే మా మామ కుర్చీలోంచి లేచి వెళ్ళిపోయాడు.

తట్టుకునే రకాలు నాటుకోవచ్చు కదా అని మీ పాఠకుల్లో ఎవరైనా అడుగుతారు. ఉన్నాయి. అడవి టమోటా నుంచి తెచ్చిన మి అనే జన్యువు ఉన్న రకాలు ఈ పురుగును ఆపుతాయి, కానీ మట్టి వేడి 28 డిగ్రీలు దాటితే ఆ జన్యువు పనితనం తగ్గిపోతుంది. మా ఎండాకాలం మట్టి 28 డిగ్రీల దగ్గర ఆగుతుందా? ఉస్తికాయ మొక్క మీద వంగ, టమోటా అంటు కట్టిన నారు మాత్రం నాకు ఆశగా కనిపిస్తోంది, ఆ వేరు ఈ పురుగుకు అంత సులభంగా లొంగదు. నారు ధర దిగొస్తే చూడాలి.

ఇక జీవ నియంత్రణ దగ్గరికొస్తాను, అంటే విషం బదులు ఇంకో జీవితో పురుగును అణచడం. నేను దాని మీద నమ్మకం లేని మనిషిని కాను, బాగా నమ్మిన మనిషిని, అందుకే కోపం.

1979లో పెరూ దేశంలో బంగాళాదుంప వేర్ల మీద ఉన్న నులిపురుగు గుడ్లను చూస్తే వాటిలో ఒక శిలీంధ్రం పెరుగుతూ కనిపించింది. దానికి అప్పటి పేరు పేసిలోమైసిస్ లిలాసినస్. అది గుడ్డు మీద పాకి, పైపెంకును కరిగించే ఎంజైములు వదిలి, లోపలికి దూరి పిల్లను గుడ్డులోనే తినేస్తుంది. గుళికలకు దొరకని గుడ్డే దీనికి దొరుకుతుంది, అదీ దీని గొప్పతనం. పొకోనియా అనే ఇంకో శిలీంధ్రం గుడ్లనూ ఆడ పురుగులనూ పడుతుంది. ట్రైకోడెర్మా అనే శిలీంధ్రం, సూడోమోనాస్ అనే బ్యాక్టీరియా ఇంకో రకంగా పనిచేస్తాయి, వేరు చుట్టూ ముందే చేరి చోటు పట్టేసుకుని చెట్టుకు తట్టుకునే శక్తిని కూడా పెంచుతాయి. నాకు అన్నిటికంటే ముచ్చటేసినవి ఉచ్చు వేసే శిలీంధ్రాలు. మట్టిలో చిన్న చిన్న రింగులు అల్లి పెట్టుకుని కూర్చుంటాయి, పురుగు అందులో తల దూర్చగానే ఆ రింగు సెకనులో పదో వంతులో ఉబ్బి బిగుసుకుంటుంది. కుందేటికి ఉచ్చు వేసినట్టే. పాశ్చూరియా అనే బ్యాక్టీరియా అయితే పురుగు చర్మానికి అతుక్కుని, లోపలికి పోయి, ఆడదాన్ని గుడ్లు పెట్టనివ్వకుండా దాని పొట్ట నిండా తన విత్తనాలే నింపేస్తుంది. దీన్ని ఫ్యాక్టరీలో పెద్దయెత్తున పెంచడం కష్టం, మట్టిలో అయితే పురుగు ఒంట్లో తప్ప పెరగదు. అందుకే మా అంగట్లో కనిపించదు.

చదివితే ఇంత బాగుంది. చేస్తే ఏమైందో చెబుతాను.

మొదటి ఏడు అంగడికి పోయి రెండు ప్యాకెట్లు తెచ్చాను. ఒకదాని మీద పేసిలోమైసిస్ లిలాసినస్ అని ఉంది, ఇంకోదాని మీద పర్పురియోసిలియం లిలాసినం అని. రెండు రకాలు కలిపితే బలం ఎక్కువ అన్నారు, కొన్నాను. తర్వాత తెలిసింది, రెండూ ఒకటే. 2011లో శాస్త్రవేత్తలు దాని పేరు మార్చారు, కొన్ని ప్యాకెట్లు పాత పేరుతో, కొన్ని కొత్త పేరుతో తిరుగుతున్నాయి. పేరు తెలుగులో ఉండదు, ఇంగ్లీషులో ఉన్నా చీమ తల అంత అక్షరాలు. ఒకే మనిషిని రెండు పేర్లతో పిలిచి ఇద్దరికి కూలి ఇచ్చినట్టయింది నా పని.

అంతటితో అయిపోలేదు. ఆ ప్యాకెట్లు ఎక్కడ ఉన్నాయంటే రేకుల షెడ్డులో, ఏప్రిల్ ఎండ తగిలే అరలో. లోపల ఉన్నవి ప్రాణంతో ఉన్న బీజాలు, వాటికీ వేడి తగులుతుంది, వాటికీ గడువు ఉంటుంది. తేదీ చూడాలని నాకూ తోచలేదు. "బయోనే కదన్నా, దేంట్లో కలిపినా నష్టం లేదు" అని అంగట్లో చెబితే కార్బెండజిమ్‌తో కలిపి డ్రిప్‌లో వదిలేశాను. ఇప్పుడు తలచుకుంటే నవ్వూ వస్తుంది, ఏడుపూ వస్తుంది. కార్బెండజిమ్ శిలీంధ్రాలను చంపడానికి చేసిన మందు, నేను డబ్బు పెట్టి కొన్నది శిలీంధ్రం. ఒకే డ్రమ్ములో కోడిపిల్లలనూ పిల్లినీ వేసి మూత పెట్టాను. సూడోమోనాస్‌ను బ్యాక్టీరియాను చంపే రాగి మందుతోనో స్ట్రెప్టోసైక్లిన్‌తోనో కలిపినా ఇంతే. ఆ పంటకు బుడిపెలు ఏమాత్రం తగ్గలేదు, ఊరంతా "బయో పనిచేయదు" అని తీర్పు చెప్పేసింది. అందులో బయో తప్పేముంది చెప్పండి.

రెండో ఏడు మా తోడల్లుడు కర్ణాటక నుంచి పద్ధతి పట్టుకొచ్చాడు. బెంగళూరు దగ్గర హెసరఘట్టలో ఉన్న భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ చాలా ఏళ్ళుగా ఈ పని మీదే ఉంది. వాళ్ళు చెప్పేదాని సారం ఏమంటే, ప్యాకెట్‌ను నేరుగా మట్టి మొహాన కొట్టొద్దు, ముందు దానికి తిండి పెట్టి సంతానం పెంచు అని. టన్ను మాగిన పశువుల ఎరువు, 100 కిలోల వేపపిండి, అందులో ట్రైకోడెర్మా, సూడోమోనాస్, ఈ లిలాసినం తలా 2 కిలోలు కలిపాం. చేత్తో పిండితే నీళ్ళు కారకూడదు, వదిలితే ముద్ద విడిపోకూడదు, అంత తడి. చింతచెట్టు నీడన కుప్ప పోసి తడి గోనెసంచులు కప్పి, 15 రోజులు ఉంచి, మధ్యలో రెండు సార్లు తిరగేశాం. పచ్చి పేడ పనికిరాదు, అది మాగేటప్పుడు పుట్టే వేడికి ఇవి చస్తాయి. గోనె ఎత్తి చూస్తే కుప్ప మీద తెల్లగా, అక్కడక్కడా పచ్చగా బూజు పాకి ఉంది. మా అమ్మ చూసి "పాడైపోయిందిరా" అని బాధపడింది. పాడైపోతేనే పంట అమ్మా అన్నాను.

ఆ ఎరువును పొలమంతా చల్లలేదు, టమోటా వరస వచ్చే బోదెల్లోనే వేసి, మల్చింగ్ షీటు పరిచి, వారం తడిపి, ఆ తర్వాత నాటాం. కలిపేటప్పుడు ముక్కుకూ మూతికీ గుడ్డ కట్టుకోండి, కళ్ళకు అద్దాలు కూడా పెట్టుకోండి. బయో అంటే విబూది కాదు, ఈ శిలీంధ్రం ఒంట్లో శక్తి తగ్గినవాళ్ళకు, కంట్లో పడితే కంటికి, ఇబ్బంది పెట్టిన సందర్భాలు ఉన్నాయి. కూలి కాకుండా ఎకరాకు ఏడు వేల దాకా అయింది.

ఫలితం ఉన్నదున్నట్టు చెబుతాను. మొదటి పంటలో బుడిపెలు పోలేదు. తగ్గాయి. కాపు ఆఖర్లో వరసకు పది చొప్పున పెరికి చూస్తే అల్లం కొమ్ముల మాదిరి ఉన్న వేర్లు తక్కువ, అక్కడక్కడా జొన్నగింజంత బుడిపెలున్న వేర్లు ఎక్కువ. మధ్యాహ్నం వాడిపోవడం దాదాపు ఆగింది, కోతలు నాలుగు ఎక్కువ దొరికాయి. రెండో పంటకు ఇంకా తగ్గాయి. కానీ ఇది ఒక్క ప్యాకెట్ ఘనత అని నేనెలా చెప్పను? ఈ లోపల ఇంకా చాలా చేశాం. నారును మట్టి మడిలో పెంచడం మానేసి ట్రేలలో కొబ్బరి పొట్టులో పెంచిన నారే కొన్నాం, ఎందుకంటే మట్టి నారుతో పాటు పురుగును కూడా మోసుకొచ్చి నాటుతున్నామని అప్పుడు అర్థమైంది. కాపు అయిపోగానే రోటవేటర్ తిప్పి వేర్లను కయ్యంతా చల్లడం మానేసి, చెట్లను వేర్లతో పెరికి, ఎండబెట్టి, కాల్చేశాం. గట్ల మీద కామంచి మొక్కలు కూడా పీకించాం, అదీ దీనికి ఇల్లే. ఏప్రిల్, మే నెలల్లో అర ఎకరాకు మట్టి తడిపి అవతలికి కనిపించే పల్చటి పాలిథిన్ షీటు ఆరు వారాలు కప్పి పెట్టాం, మిగతాదానికి షీటు కొనే స్తోమత లేక లోతు దుక్కి చేసి ఎండకు వదిలేశాం.

బంతి గురించి మాత్రం ఒక్క మాట ఎక్కువ చెప్పాలి. మా వైపు టమోటా చుట్టూ ఒక వరస బంతి పెట్టి నులిపురుగు పోతుందని కూర్చుంటారు. 16 వరసల టమోటాకు ఒక వరస బంతి అనేది కాయతొలుచు పురుగును అటు లాగడానికి చెప్పిన లెక్క. నులిపురుగు లెక్క వేరు. బంతి వేర్లలో ఆల్ఫా టెర్థైనైల్ అనే పదార్థం ఉంటుంది, ఆ వేరు ఎంతవరకు పాకిందో అంతవరకే దాని పని, పక్క వరసకు నడిచి పోదు. కయ్య నిండా బంతే పెట్టి రెండు మూడు నెలలు ఉంచాలి. అదృష్టం ఏమంటే మాకు బెంగళూరు పూల మార్కెట్ దగ్గర, దసరాకు తగిలేలా పెడితే పూవు డబ్బు పూవుకే వస్తుంది, కయ్య మందు కయ్యకు పడుతుంది. ఇన్ని పద్ధతుల్లో మా మామ ఒప్పుకున్నది ఇదొక్కటే.

ఇప్పుడు నా అసలు ఫిర్యాదు. నా పొలానికి మట్టి ఆరోగ్య కార్డు ఉంది. 2015లో మొదలుపెట్టిన పథకం, మంచిదే. అందులో 12 రకాల పరీక్షలు, నత్రజని, భాస్వరం, పొటాష్ దగ్గర నుంచి జింకు, బోరాన్ దాకా, ఉదజని సూచిక, లవణాలు, సేంద్రియ కర్బనం. నా మట్టిలో జింకు ఎంత తక్కువో ఆ కార్డు చెబుతుంది, నా చెట్ల వేర్లను తింటున్నది ఉందో లేదో చెప్పదు. ఉందా లేదా తెలియకుండా మందు ఏమిటి, ఎంత అని ఎలా తేల్చుకోవాలి? నులిపురుగుల సంఖ్య చూడటానికి రాకెట్ సైన్సేమీ అక్కర్లేదు. గుప్పెడు మట్టిని నీళ్ళలో కలిపి జల్లెడల్లో వడగట్టి, గరాటులో ఒక రాత్రి ఉంచి, మైక్రోస్కోపు కింద లెక్కపెట్టడమే. వంద ఏళ్ళ నాటి పద్ధతి. దేశంలో నులిపురుగుల వల్ల ఏటా 10 వేల కోట్ల రూపాయల పంట పోతోందని అఖిల భారత నులిపురుగుల పరిశోధన ప్రాజెక్టు వాళ్ళే లెక్క కట్టారు, పంటల మీద నష్టం సగటున 21.3 శాతమట. ఇంత పోగొట్టే పురుగుకు కార్డులో పదమూడో గడి ఒకటి గీయలేమా? అన్ని పొలాలకూ వద్దు, కూరగాయలు పండించే మండలాలకు పెట్టండి, పాలీహౌస్ సబ్సిడీ ఇచ్చే ముందైతే తప్పనిసరిగా పెట్టండి. పాలీహౌస్‌లో కీరా, క్యాప్సికం వేసి మూడో పంటకు చేతులెత్తేసిన వాళ్ళు మా బంధువుల్లోనే ఉన్నారు.

రెండోది ప్యాకెట్. యూరియా బస్తాలో నత్రజని తక్కువైతే కేసు పెట్టే దేశం మనది. జీవ శిలీంధ్రం ప్యాకెట్‌లో బతికున్న బీజాలు గ్రాముకు ఇన్ని కోట్లు అని రాసి అమ్ముతారు, ఏప్రిల్ ఎండలో మూడు నెలలు అరలో ఉన్నాక అందులో ఎన్ని మిగిలాయో అంగట్లోకి వచ్చి నమూనా తీసుకుని ఎవరు చూస్తున్నారు? మాకు చూసుకోవడానికి ఉన్న దారి ఒక్కటే. ఉడికించి చల్లార్చిన అన్నం రెండు శుభ్రమైన గిన్నెల్లో పెట్టి, ఒకదాని మీద చిటికెడు పొడి చల్లి, రెండిటికీ మూత వేసి నీడన ఐదారు రోజులు ఉంచుతాను. ట్రైకోడెర్మా అయితే పచ్చగా పాకుతుంది, లిలాసినం అయితే పేరుకు తగ్గట్టు లేత ఊదా రంగు తిరుగుతుంది, ఏమీ చల్లని గిన్నె తేడా చెబుతుంది. ఇది ల్యాబ్ పరీక్ష కాదని నాకూ తెలుసు. కానీ ఈ అన్నం పరీక్షలో పోయిన ఏడు నేను కొన్న ఐదు ప్యాకెట్లలో రెండిటి మీద ఏమీ మొలవలేదు. ఏ కంపెనీలో రాయను, నా గిన్నె పట్టుకుని కోర్టుకు పోలేను.

ఇంకోటి, దీని గురించి ఎవరూ మాట్లాడరు. ఈ జీవ పద్ధతి ఫలితం మొదటి పంటలో సగం, రెండో పంటలో ముప్పావు కనబడుతుంది, మట్టిలో మంచి శిలీంధ్రం స్థిరపడాలి కదా. కౌలు రైతుకు భూమి ఏడాదికి ఇస్తారు. నేను ఏడు వేలు పెట్టి మట్టిని బాగుచేస్తే వచ్చే ఏడు ఆ భూమి ఇంకొకరి చేతిలో ఉంటుంది. నా సొంత మూడెకరాల్లో చేసిందంతా నా కౌలు రెండెకరాల్లో చేయలేదు, సిగ్గుపడుతూనే చెబుతున్నాను, అక్కడ ఇప్పటికీ గుళికలే పడుతున్నాయి. మూడేళ్ళ కౌలుకు భద్రత ఉంటే ఏ రైతూ ఆ విషాన్ని కొనడు.

మీ వ్యాసం రాసినాయన మీద నాకు కోపం లేదు, చోటు తక్కువై క్లుప్తంగా రాసి ఉంటారు. కానీ మా ఊళ్ళో ఆ పేజీని కత్తిరించి అంగట్లో గోడకు అతికించారు, దాని కిందే ఆ ప్యాకెట్లు పెట్టి అమ్ముతున్నారు. అందుకే తర్వాతి వారం ఆ పేజీలో ఇంకో నాలుగు వాక్యాలు వేయమని అడుగుతున్నాను. తేదీ చూసి కొనమని, శిలీంధ్ర మందులతో కలపొద్దని, ఎరువులో పెంచి వేయమని, నాటే ముందు మట్టిని పరీక్షించుకోమని. ల్యాబ్ లేకపోతే పరీక్షకు కుండీ చాలు. కయ్యలో పది చోట్ల జానెడు లోతు మట్టి తీసి కలిపి కుండీలో పోసి, నాలుగు కీరా గింజలు పెట్టి, 35, 40 రోజులకు మెల్లగా పెరికి వేరు కడిగి చూస్తే కయ్య జాతకం తెలిసిపోతుంది.

ఆ కౌలు రెండెకరాల మట్టితో ఇప్పుడు మా మిద్దె మీద ఆరు కుండీలు పెట్టి ఉన్నాను. వచ్చే ఆదివారానికి 38 రోజులు. ఆ రోజు పొద్దున పెరుకుతాం, మామ కూడా వస్తానన్నాడు. మీ విలేకరిని పంపితే ఫొటో తీసుకోవచ్చు, వేర్లు బాగున్నా వేయండి, బాగాలేకపోయినా వేయండి.

ఇట్లు,
మదనపల్లె దగ్గర ఒక టమోటా రైతు